నాన్నగారి పద్మిని

గత మాసం ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. మర్హూం అయిన వారి మామగారి అంబాసిడర్ కారు ఆరేళ్ళుగా పెరట్లో రేకుల కింద నిలిచిపోయి ఉన్నదట. దానిని బాగుచేయించి తండ్రి జ్ఞాపకంగా ఉంచుకోవాలని భర్త పట్టుబడుతున్నారట. పాత ఇనుప సామాను వానికి ఇచ్చివేసి, వచ్చిన సొమ్ముతో అమ్మాయి కళాశాల రుసుము చెల్లించవచ్చునని ఆమె అభిప్రాయం. చివర ఒక ప్రశ్న సూటిగా వేశారు: "మౌలానా సాహెబ్, మీ ఇంట్లో కూడా ఒక పాత కారు ఉన్నదని విన్నాము. మదరసా జీతం మీద దానిని ఎలా పోషిస్తున్నారు? అది దుబారా కాదా?"

ఈ ప్రశ్న మాకు కొత్తది కాదు. మా శ్రీమతి దీనిని మూడేళ్ళపాటు ఇంచుమించు ప్రతి నెలా మొదటి వారంలో అడిగారు. కాబట్టి సమాధానం మా వద్ద కొంత సిద్ధంగానే ఉన్నది. అయితే అది ఔనని గాని కాదని గాని ఒక్క మాటలో తేలేది కాదు. అందువల్ల ఈ మాసం శీర్షికను ఆ సంగతికే కేటాయిస్తున్నాము.

మా ఇంట్లో ఉన్నది 1983 నాటి ప్రీమియర్ పద్మిని. నేటి పిల్లలకు ఆ పేరు తెలియకపోవచ్చు. ఇటలీ దేశపు ఫియట్ 1100 నమూనాను బొంబాయిలోని కుర్లా కర్మాగారంలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు తయారుచేసేవారు. 1974 నుండి దానికి పద్మిని అనే పేరు వచ్చింది. పేరు మారినా మన ఊళ్ళలో చివరి వరకు దానిని ఫియట్ కారనే పిలిచారు. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే ఉండే గేరు కర్ర, నాలుగు గేర్లు. ఆ రోజుల్లో మధ్యతరగతి వారు కారు కొనాలంటే దాదాపుగా అంబాసిడర్ అయినా కావాలి, ఇదైనా కావాలి. అది కూడా డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తేనే.

మా నాన్నగారు యునానీ హకీం. 1991లో నరసరావుపేటలో ఒక డాక్టరుగారి వద్ద ఈ కారును పాతదిగానే కొన్నారు. మందుల పెట్టె డిక్కీలో పెట్టుకొని చుట్టుపక్కల పల్లెలకు వెళ్ళేవారు. ఎంత దూరం వెళ్ళినా మగ్రిబ్ వేళకు ఆ హారను మా సందు మొదట్లో వినిపించేది. 2018లో రిజిస్ట్రేషన్ కాలం పొడిగించుకొని వచ్చిన కొద్ది నెలలకే వారికి చూపు మందగించింది. అప్పటినుండి కారు వేపచెట్టు పక్కన రేకుల కింద ఆగిపోయింది. 2020 మొదట్లో నాన్నగారు అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు.

ఆ తరువాత కొన్ని నెలల వరకు ఆ కారు మాదేనని మేము అనుకున్నాము. అదే ఇంట్లో ఉంటున్నది మేమే కదా! పత్రికలో వారసత్వ నియమాల మీద వ్యాసాలు వ్రాసిన వారమే, కళ్ళెదుట ఉన్న వస్తువు విషయంలో ఆ నియమాన్ని మరిచిపోయాము. గుర్తు చేసినది మా శ్రీమతి. "ఇది మీ ఒక్కరి సొత్తు ఎలా అయింది?" అన్నారు. అంతే.

పాత సామాను వ్యాపారిని, కార్లు తెలిసిన మెకానిక్కును పిలిచి వెల కట్టించాము. ఆ స్థితిలో దానికి 40,000 రూపాయలు వస్తాయన్నారు. మా అమ్మీకి ఎనిమిదో వంతు, అంటే 5,000. మిగిలిన 35,000 అయిదు భాగాలు. మాకు, జిద్దాలో ఉన్న తమ్ముడికి రెండేసి భాగాల చొప్పున 14,000, చిలకలూరిపేటలో ఉన్న చెల్లెలికి ఒక భాగం, 7,000. తమ్ముడు ఫోనులోనే నవ్వి, "నా వాటా మీకు బహుమానం భాయ్‌జాన్. నేను సెలవు మీద వచ్చినప్పుడు గన్నవరం విమానాశ్రయానికి ఆ కారులోనే రావాలి" అన్నాడు. చెల్లెలు కూడా "నాకెందుకు భాయ్, మీరే ఉంచుకోండి" అన్నది. ఆ మాట మాకు బాగా తెలుసు. మన ఇళ్ళలో ఆడపిల్లలకు వాటా మాట వచ్చినప్పుడు అనవలసిన మాటగా చిన్ననాటి నుండి అలవాటు చేస్తున్న మాట అది. డబ్బు చేతికి అందిన తరువాత వద్దనడం వేరు, అందకముందే వద్దనిపించడం వేరు. అందుచేత ఆమె సొమ్ము ఆమె చేతిలోనే పెట్టాలని నిశ్చయించుకున్నాము.

మా జీతంలో ఎంత పిసికినా నెలకు 2,000 కన్నా మిగలదు. ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో ఆ సొమ్ము వేయసాగాము. మొదటి ఆరు నెలలు ఆ డబ్బా అమ్మీ వాటాకు, చెల్లెలి వాటాకే సరిపోయింది. చెల్లెలు ఆ 7,000 ఏం చేసిందో మేము అడగలేదు, ఆమె చెప్పలేదు. ఈ మధ్యలోనే మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి పత్రాలు జతచేసి, ఫారం 31 మీద యాజమాన్య మార్పిడికి దరఖాస్తు పెట్టుకున్నాము. యజమాని మరణిస్తే ఆ విషయాన్ని 30 రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలియజేయాలి, మూడు నెలల్లోగా వారసుని పేరుకు మార్చుకోవాలి. మన ఇళ్ళలో చాలామంది దీనిని ఏళ్ళ తరబడి వాయిదా వేస్తారు. చనిపోయిన వారి పేరున బండి నడుపుతూ, ఏదైనా ప్రమాదం జరిగితే గాని మేలుకోరు.

ఇక మరమ్మతు సంగతి. మా ఊళ్ళో ఒక వృద్ధ మెకానిక్ ఉన్నారు. నలభై ఏళ్ళకు పైగా ఫియట్లు, అంబాసిడర్లు విప్పి బిగించిన చేయి ఆయనది. షెడ్డులో అందరూ ఆయనను ఉస్తాద్ అంటారు. మమ్మల్ని కూడా మదరసాలో పిల్లలు ఉస్తాద్ అనే పిలుస్తారు. శుక్రవారం మదరసాకు సెలవు. జుమా తరువాత మేము ఆయన షెడ్డుకు వెళ్ళి, లుంగీ కట్టుకొని, ఆయన అడిగిన పానా అందిస్తూ షాగిర్దులమైపోయేవారము. పదిహేడో నంబరు పానా అడిగితే పంతొమ్మిదో నంబరుది ఇచ్చి ఆయన చేత చీవాట్లు తిన్న రోజులున్నాయి. మా విద్యార్థులు చూడలేదు కాబట్టి సరిపోయింది.

కూలి విషయంలో ఆయన ఒక ఒప్పందం చేశారు. "హజ్రత్, నా దగ్గర ఇద్దరు కుర్రాళ్ళున్నారు. ఒకడికి పద్దెనిమిది, ఒకడికి పంతొమ్మిది. సామాను రసీదు చదవలేరు. నాకూ చదువు రాదు. మీరు వీళ్ళకు చదవడం, లెక్క నేర్పండి. సామాను ఖర్చు మీది, పని నాది" అన్నారు. ఇద్దరికీ వారానికి మూడు రాత్రులు ఇషా తరువాత షెడ్డులోనే పాఠం. బల్ల లేదు, పాత టైరు మీద పలక. తెలుగు అక్షరాలు అయ్యాక అంకెలు, అంకెలు అయ్యాక మిల్లీమీటర్లు. ఉస్తాద్ మాత్రం దూరంగా కూర్చొని బీడీ కాలుస్తూ వినేవారు. కొన్నాళ్ళకు బీడీ మానలేదు గాని, దగ్గరకు జరిగారు.

రెండేళ్ళు కదలని ఇంజనును తాళం తిప్పి స్టార్టు చేయబోయిన మా చేతిని ఆయన మొదటి రోజే పట్టుకొని ఆపారు. నాలుగు ప్లగ్గులు ఊడదీసి, ఒక్కొక్క రంధ్రంలో చెంచాడు ఇంజను ఆయిలు పోసి, రెండు రోజులు అలా వదిలేశారు. తరువాత ఫ్యాను బెల్టు వైపు నుండి చేతితోనే మెల్లగా తిప్పి చూశారు. తుప్పు పట్టి బిగుసుకున్న ఇంజనును సెల్ఫ్ మోటారుతో బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయట. పాత ఆయిలు, పాత పెట్రోలు, రేడియేటరులోని నీరు అన్నీ తీయించారు. వైర్ల మధ్య ఎలుకలు పెట్టుకున్న గూడు బయటపడింది. దానిలో మా నాన్నగారి మందుల చీటీలు కొన్ని దొరికాయి.

కొత్త బ్యాటరీతో ఇంజను మొదటిసారి పలికిన రోజున మేము చేసిన పొరపాటును ఇక్కడ దాచదలచుకోలేదు. ఆ సంతోషంలో కారును అందంగా చూపించాలనే కోరిక పుట్టింది. బంధువులు వస్తారు, చూస్తారు. "బ్రేకులు విప్పాలి హజ్రత్, వీల్ సిలిండర్లలో రబ్బర్లు ఎండి ఉంటాయి" అని ఉస్తాద్ రెండుసార్లు హెచ్చరించారు. పైకి బ్రేకు పనిచేస్తూనే ఉన్నది కదా, తరువాత చూద్దామన్నాము. డబ్బాలో చేరిన 18,000 తీసి, వేరే షెడ్డులో లప్పం పట్టించి, నాన్నగారి నాటి పాల మీగడ రంగు వేయించాము. నిగనిగలాడింది. సందులోని పిల్లలందరూ అద్దంలా ముఖం చూసుకున్నారు.

2022 రంజాన్ పండుగ మరునాడు అమ్మీని, మా శ్రీమతిని, ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టుకొని చిలకలూరిపేటకు చెల్లెలి ఇంటికి బయలుదేరాము. సగం దారిలో గేదెల మంద రోడ్డు దాటుతున్నది. బ్రేకు నొక్కాము. పెడలు నేలకు అంటుకుపోయింది. మళ్ళీ నొక్కాము. ఏమీ లేదు. గేరు మూడు నుండి రెండుకు లాగి, హ్యాండ్ బ్రేకు పట్టుకొని, స్టీరింగు ఎడమకు తిప్పాము. కారు రోడ్డు దిగి, వేసవి దుక్కి దున్ని ఉన్న చేలో మెత్తటి మట్టిలో కూరుకుపోయి ఆగింది. అమ్మీ మోచేతికి దెబ్బ తగిలి వాచింది. పిల్లలు ఏడుస్తున్నారు. మా నోట మాట రావడం లేదు. అమ్మీ దుమ్ము దులుపుకొని కిందికి దిగి, కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "రంగు చాలా బాగుంది బేటా" అన్నారు. అంతకు మించి ఆ రోజుగాని ఆ తరువాత గాని ఒక్క మాట అనలేదు.

ట్రాక్టరుతో కట్టి లాగించుకొని షెడ్డుకు తెచ్చాము. ఉస్తాద్ కూడా ఏమీ అనలేదు. వెనుక కుడి చక్రం విప్పి, చిరిగిపోయిన రబ్బరు వాషరును మా అరచేతిలో పెట్టారు. రూపాయి బిళ్ళంత కూడా లేదు.

ఆ బ్రేకు ఎలా పనిచేస్తుందో పాఠకులు కూడా తెలుసుకోవడం మంచిది. పెడలు నొక్కితే మాస్టర్ సిలిండరు బ్రేకు ఆయిలును గొట్టాల గుండా నాలుగు చక్రాలకు నెడుతుంది. చక్రం దగ్గర చిన్న వీల్ సిలిండరు ఆ ఒత్తిడితో బ్రేకు షూలను డ్రమ్ముకు ఆనిస్తుంది. మా కారు వంటి పాతవాటిలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకే దారి. ఎక్కడ ఒక్క రబ్బరు తెగినా ఆయిలంతా అక్కడినుండే కారిపోతుంది, నాలుగు చక్రాల బ్రేకులూ ఒక్కసారిగా పోతాయి. పైగా బ్రేకు ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉన్నది. కారు నిలిచి ఉన్నంత కాలం ఆ తేమ సిలిండర్లను లోపలినుండి తుప్పు పట్టిస్తుంది. చెడిపోతున్న సంగతి పైకి కనబడదు. కాబట్టి ఏళ్ళ తరబడి ఆగిన కారుకు నాలుగు వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండరు కిట్టు, రబ్బరు గొట్టాలు మార్చిన తరువాతనే రోడ్డు ఎక్కాలి. మాకు వీటన్నింటికీ కలిపి 7,400 అయింది. రంగుకు పెట్టిన దానిలో సగం కన్నా తక్కువ.

ఆ రంగు కూడా దక్కలేదు. కాళ్ళ కింది రేకులు తుప్పు పట్టి జల్లెడ అయ్యాయని రంగు వేసిన తరువాతనే తెలిసింది. పద్మినికి లారీ వలె విడిగా ఛాసిస్ లేదు, కింది రేకులు, పక్క అంచులే బలం. అవి పోతే తలుపులు మూసుకోవు. టింకరింగుకు, గ్యాసు వెల్డింగుకు 9,000 పోశాము. వెల్డింగు వేడికి తలుపుల కింద కొత్త రంగు బొబ్బలెక్కి రాలిపోయింది. దానిని సరిచేయడానికి మరొక 3,200. మొదట వెల్డింగు, చిట్టచివర రంగు అని ఆ షెడ్డులోని చిన్న కుర్రవాడికి కూడా తెలుసు. చదువుకున్న మాకే తెలియలేదు.

విడిభాగాలు దొరకవని చాలామంది భయపడతారు. పద్మిని విషయంలో అంత భయం అక్కరలేదు. కర్మాగారం మూతపడినా బొంబాయి టాక్సీలు ఎన్నో ఏళ్ళు ఇవే. అక్కడ చిట్టచివరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరులో నమోదై, ఇరవై ఏళ్ళ పరిమితి ముగిసి 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. అంతకాలం వాటికి సామాను కావలసి వచ్చింది కాబట్టి, సామాను తయారుచేసేవారూ, అమ్మేవారూ మిగిలారు. మేము విజయవాడ ఆటోనగర్‌కు వెళ్ళేవారము. గుంటూరు మీదుగా బస్సులో పోయి సాయంత్రానికి తిరిగి వచ్చేవారము. వెళ్ళేటప్పుడు ఊడదీసిన పాత భాగాన్ని గుడ్డలో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టుకొని పోవాలన్నది ఉస్తాద్ నియమం. నోటితో చెప్పి కొంటే కొలత తప్పుతుంది. ఒకసారి పేరు చెప్పి కొన్న క్లచ్ ప్లేటు సరిపోక, మార్చుకోవడానికి మళ్ళీ బస్సు ఖర్చు పెట్టుకోవలసి వచ్చింది.

టైర్ల కోసం వెళ్ళినప్పుడు పెద్ద కుర్రవాడిని వెంట తీసుకుపోయాము. ఒక దుకాణంలో నల్లగా మెరుస్తున్న టైర్లు చవకగా చూపారు. వాడలేదు, కొత్తవే అన్నారు. కుర్రవాడు వంగి టైరు పక్కన అచ్చుపోసిన నాలుగు అంకెలను వేలు పెట్టి, కూడబలుక్కొని చదివాడు: ఒకటి, ఒకటి, ఒకటి, నాలుగు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2014లో పదకొండో వారం. వాడకపోయినా ఎనిమిదేళ్ళ రబ్బరు. మేము ఇంకా లెక్క వేస్తూనే ఉన్నాము, వాడు లేచి "వద్దు హజ్రత్" అన్నాడు. వేరే చోట 12,800 పెట్టి ఆ ఏడు తయారైనవి నాలుగు కొన్నాము. తిరుగు ప్రయాణంలో బస్సు దారి పొడవునా ఆ కుర్రవాడు దుకాణాల బోర్డులు చదువుతూనే ఉన్నాడు. మాకు టైర్లకన్నా అదే ఎక్కువ లాభంగా తోచింది.

పెట్రోలు విషయంలో ఒక జాగ్రత్త. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. ఈ కార్లు తయారైన కాలంలో ఆ ఆలోచన లేదు. ఇథనాల్‌కు పాత రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపులోని పొర ఉబ్బి మెత్తబడతాయి. నీటిని కూడా అది పీలుస్తుంది, ట్యాంకు అడుగున తుప్పు మొదలవుతుంది. ట్యాంకు దింపి, లోపల గుప్పెడు పాత నట్లు వేసి, నీళ్ళు పోసి ఇద్దరు మనుషులు ఊపి ఊపి కడిగితే ఎర్రమట్టి వంటి తుప్పు బిందెడు వచ్చింది. ఆ తరువాత ఇథనాల్‌ను తట్టుకొనే గొట్టాలు, ఒక ఫిల్టరు వేయించాము. ట్యాంకుకు చిల్లి ఉంటే మాత్రం ఇంటి దగ్గర ఎవరి చేతనూ వెల్డింగు చేయించకండి. ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకుకన్నా ప్రమాదకరం. కారు తక్కువగా తిరిగే ఇళ్ళలో నాలుగైదు లీటర్లకు మించి పోసి నిల్వ ఉంచకపోవడం మేలు.

మొత్తం ఖర్చు ఎంతని ఆ సోదరి అడిగారు. మా చిట్టా పుస్తకంలో ఉన్నది ఉన్నట్లు చెబుతాము. పైన చెప్పిన వాటికి తోడు వైరింగు 5,500, బ్యాటరీ 4,200, రేడియేటరు 2,800, ట్యాంకు, గొట్టాలు 2,100, 2023లో రిజిస్ట్రేషన్ పొడిగింపునకు 5,000. అన్నీ కలిపి 70,000. నెలకు 2,000 చొప్పున 35 నెలలు. ఏటేటా కట్టే బీమా, పెట్రోలు ఇందులో లేవు. సీట్ల రెక్సిన్ మా శ్రీమతి ఇంట్లోని కుట్టు మిషను మీద కుట్టారు, దానికి కూలి అడగలేదు గాని, ప్రశ్న అడగడం మాత్రం మానలేదు. మధ్యలో ఒక ఫైనాన్సు వ్యాపారి మొత్తం ఒక్కసారే ఇస్తానని, రెండు నెలల్లో కారు తయారవుతుందని ఆశపెట్టాడు. వడ్డీ మాట ఎలాగూ ఉన్నది, అది లేకున్నా మేము తీసుకొని ఉండకూడదు. ఆ తొందరలో మరెన్ని రంగులు వేయించి ఉండేవారమో! డబ్బా నిండే వరకు ఆగవలసి రావడం వల్లనే, ఏది ముందు ఏది వెనుక అన్నది రంగు వ్యవహారం తరువాత మాకు తలకెక్కింది.

వింటేజ్ అనే మాట మీద కూడా ఒక భ్రమ ఉన్నది. 2021లో కేంద్ర ప్రభుత్వం చేసిన నియమాల ప్రకారం 50 ఏళ్ళు దాటిన వాహనాలే ఆ కోవలోకి వస్తాయి. వాటికి నమోదు రుసుము 20,000, గడువు పదేళ్ళు. కాని ఆ నమోదు తీసుకున్న బండిని రోజువారీ అవసరాలకు నడపరాదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే బయటికి తీయాలి. అమ్మీని ఆసుపత్రికి తీసుకుపోవడానికి పనికిరాని కారు మాకెందుకు? పదిహేనేళ్ళు దాటిన మామూలు కార్లకు అయిదేళ్ళకొకసారి తనిఖీ చేయించి పొడిగించుకునే పద్ధతే మా వంటి వారికి చాలు. 600 ఉన్న ఆ రుసుము 2022 ఏప్రిల్ నుండి 5,000 అయింది. 2025లో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు దానిని 10,000 చేశారు. మా తదుపరి గడువు 2028. డబ్బాలో ఇప్పటినుండే వేస్తున్నాము.

ఇప్పుడు ఆ సోదరి ప్రశ్న. దుబారానా కాదా? మా లెక్కలో రంగుకు పోసిన 18,000 దుబారానే, దానికి మేము వేరే పేరు పెట్టబోము. మిగిలినది కాదని మా నమ్మకం. అమ్మీ ఆసుపత్రికి ఆ కారులోనే వెళ్తున్నారు. ఇద్దరు కుర్రవాళ్ళు చదవడం నేర్చారు. కాని మా ఇంట్లో అప్పుడు కట్టవలసిన కళాశాల రుసుము లేదు. మీ ఇంట్లో ఉన్నది. రుసుముకు గడువు తేదీ ఉంటుంది, కారుకు ఉండదు. అమ్మాయి చదువు ముందు. ఈ మాట మీ వారికి మేము చెప్పామని చెప్పండి.

అయితే అమ్మివేయాలని కూడా మేము అనడం లేదు. ముందుగా ఒక్క విషయం చూసుకోండి. ఆ కారు మీ మామగారిది. మీ అత్తగారు ఉన్నారా, మీ వారికి అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు ఉన్నారా అన్నది మీరు వ్రాయలేదు. ఉంటే అమ్మిన సొమ్ము అంతా మీ అమ్మాయి రుసుముకు రాదు, ఉంచుకున్న కారు అంతా మీ వారిదీ కాదు. వెల కట్టించండి, అందరినీ కూర్చోబెట్టండి. వెల కట్టించిన తరువాత మీ వాటా ఎంతో తెలిస్తే, మీ ఇద్దరి మధ్య వాదం సగం చల్లబడవచ్చు.

ఉంచాలని అందరూ అనుకుంటే, చేతిలో డబ్బు చేరేవరకు కారు చెడకుండా కూర్చోబెట్టవచ్చు. దానికి పెద్ద ఖర్చు లేదు. ట్యాంకులోని పాత పెట్రోలు తీయించండి. ప్లగ్గుల రంధ్రాల్లో చెంచాడు ఆయిలు పోయించి నెలకొకసారి ఇంజనును చేతితో తిప్పించండి. బ్యాటరీ తీగలు విప్పండి. ఇరుసుల కింద గట్టి చెక్క దిమ్మెలు పెట్టించి చక్రాలు నేలకు ఆనకుండా లేపించండి. హ్యాండ్ బ్రేకు వేసి ఉంచకండి, షూలు డ్రమ్ముకు అతుక్కుపోతాయి. ప్లాస్టిక్ పట్టా కప్పకండి, లోపల చెమ్మ పట్టి తుప్పు తొందరగా వస్తుంది. పాత దుప్పటి వేసి, పైన రేకులు కారకుండా చూస్తే చాలు. ఎలుకల విషయం మాత్రం మరువకండి. మీ అంబాసిడర్ తయారీ 2014లో ఆగినా, ఆ ఇంజను విప్పి బిగించగల ఉస్తాద్‌లు ప్రతి పట్టణంలో ఒకరిద్దరు ఇంకా ఉన్నారు. వారి వయసు మాత్రం డెబ్బై దాటుతున్నది. అందుచేత కారు ఆగినా ఫరవాలేదు గాని, ఒక్కసారి అటువంటి వారిని ఇంటికి పిలిచి చూపించుకోండి, ఏది ముందు చేయాలో ఒక కాగితం మీద వ్రాయించుకోండి.

మా తమ్ముడు వచ్చే షాబాన్‌లో సెలవు మీద వస్తున్నాడు. గన్నవరం వరకు వెళ్ళాలి. ఈ శుక్రవారం ఉస్తాద్ మళ్ళీ నాలుగు చక్రాలూ విప్పి చూస్తామన్నారు. బ్రేకు ఆయిలు మార్చి రెండేళ్ళయిందని గోడ మీది పుస్తకం చూసి చెప్పినది చిన్న కుర్రవాడు.